ముడి వేస్తేగానీ

నా బీరువాలో చీరలు తొమ్మిది.
పట్టు స్కార్ఫులు ముప్పై ఒకటి.
"సీరలు మానీసి ఈ సేతిగుడ్డలేటమ్మా" అంటుంది
పక్కింటి అసిరమ్మ.
మెడకి గుడ్డ చుట్టుకునేంత చలి
విశాఖపట్నంలో ఏడాదికి నాలుగు తెల్లవార్లు కూడా ఉండదని
ఆవిడ లెక్క.
లెక్క సరైనదే.

మొదటిది పాత పోస్టాఫీసు వెనక దొరికింది.
ఓడ దిగినవాళ్ళు అమ్ముకుపోయిన సరుకులో,
సగం వాడిన సెంటు సీసాలకీ పలకని టేపురికార్డరుకీ మధ్య
గాజు గ్లాసులు పగలకుండా చుట్టిన గుడ్డ.
విప్పితే
గొడుగు తిరగబడ్డ ఒక లావుపాటావిడ
నా మొహం మీదుగా గాల్లోకి లేచింది.
గ్లాసులొద్దు, చుట్టిన గుడ్డ కావాలన్నాను.
ఎల్లాజీ నన్ను ఎగాదిగా చూసి
రెండూ కలిపే అమ్ముతానన్నాడు.
ఇప్పటికీ ఆ గ్లాసుల్లోనే మజ్జిగ తాగుతాను.

తర్వాత్తర్వాత వేళ్ళకి చదువొచ్చింది.
చేత్తో చుట్టి కుట్టిన అంచు
దీపం వత్తిలా గుండ్రంగా తగులుతుంది,
మిషనుది అప్పడంలా పడుంటుంది.
మూలన సంతకం వెతకాలి.
మావాడొకడు చీమని గీసి ఊరుకుంటాడు.
మావాడంటున్నాను గానీ
ఏ దేశమో తెలీదు, ఉన్నాడో పోయాడో తెలీదు.
పేపర్లలో మంత్రుల ముక్కులు సాగదీసినవాళ్ళు
ఆడవాళ్ళ మెడలకి బొమ్మలెందుకేశారో.
ఇంటద్దె కోసమే అయ్యుంటుంది.
అయినా గీత బద్ధకించలేదు,
ఒకడి ముక్కు ఇంకొకడికి అరువివ్వలేదు.

ఉప్పుగాలి ఊరు.
గ్రిల్లు తుప్పు పడుతుంది, వేరుశనగలు మెత్తబడతాయి,
పట్టుక్కూడా చెమటే.
వేపాకు, టిష్యూ కాగితం, నెలకోసారి నీడపట్టున ఆరబెట్టడం.
పెద్ద తుపాను రాత్రి
కిటికీ చట్రంతో సహా ఊడొచ్చినప్పుడు
సర్టిఫికెట్లు మంచంమీదే వదిలేసి
బిస్కెట్ల డబ్బా పొట్టకి కరుచుకుని
మెట్లకింద కూర్చున్నాను.
తెల్లారి చూస్తే
అందులో ఒక్కరికీ వెంట్రుక తడవలేదు.
నా పదో తరగతి మాత్రం గోడకి అతుక్కుంది.

ముప్పై ఒకటోది
రైల్వే న్యూకాలనీ డోరిన్ ఆంటీ ఇచ్చింది,
ఫ్రిజ్జు రిపేరు డబ్బులకి.
ఒక మూల బట్టతలాయన, చెయ్యి చాపి పరుగు.
ఎదురుమూల అతని టోపీ.
మధ్యన ఊరంతా: పోలీసు, పాలక్యాను,
నిచ్చెన మీదివాడు, తోకలు ముడిపడ్డ రెండు కుక్కలు.
మూడేళ్ళు చూశాను, భూతద్దం పెట్టి మరీ.
నవ్వు రాలేదు.
అర్థంకాని జోకు
పళ్ళసందున జామగింజ.

మొన్న డిసెంబర్లో
ఆంటీ గులాబీపువ్వుల డబ్బాతో వచ్చింది.
టేబుల్ అద్దం కింద పరిచిన స్కార్ఫు చూసి
"ఇస్త్రీ చేసి సంపేసినావు గదే" అంది.
మూలకి మూల మడిచి నా తలమీద వేసి
గడ్డం కింద ముడేసి
అద్దంవైపు తిప్పింది.

ముడి దగ్గర
వాడి వేళ్ళు టోపీ అంచు మీదున్నాయి.
ఊరంతా
నా నెత్తికెక్కింది.

"మీ అంకుల్ లాంబ్రెట్టా మీద
జగదాంబ దాకా కట్టుకునేదాన్ని.
దిగ్గానే విప్పేదాన్ని.
పాపం, వాడి టోపీ మళ్ళీ పోయేది."

ఆ సాయంత్రం అలాగే లాసన్స్ బే వెళ్ళాను.
దుమ్ముకి మొహాలు బిగించి చున్నీలు కట్టుకున్న
స్కూటీ పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.
మురీ మిక్చర్ నూనె ఒక చుక్క
పోలీసు బూటు మీద పడింది.
ధర సగం పోయినట్టే.

రాత్రి డబ్బా బోర్లించాను.
ఒక్కొక్కటీ కడుతున్నాను.
పన్నెండింటిలో ఏమీ లేదు, వట్టి ముడే.
లావుపాటావిడ మాత్రం
నా చెవి వెనక ఎవరిమీదో దిగింది,
ఎవరో ఇంకా తేలలేదు.
మరో పద్దెనిమిది ఉన్నాయి.
ఇంత రాత్రి ఒక్కత్తీ ఏం నవ్వుతోందని
అసిరమ్మ తలుపు కొడుతోంది.